గ్లాక్ 17 ట్రిగ్గర్ తేలిక చేసే సామాను: మైనస్ కనెక్టర్, వోల్ఫ్ స్ప్రింగులు, ఫ్లిట్జ్ పేస్టు

ఇక్కడ చెప్పేదంతా మూడో తరం 9 మి.మీ. గ్లాక్ 17 గురించి. నాలుగో తరానికి చాలావరకు ఇదే వర్తిస్తుంది, ఐదో తరం సంగతి వేరు, దాన్ని చివర్లో చూద్దాం. పరీక్షకు పెట్టిన సామాను నాలుగు రకాలు: గ్లాక్ కంపెనీ సొంత మైనస్ కనెక్టర్ (ట్రిగ్గర్ చివర్లో ఎంత బలానికి వదలాలో తేల్చే చిన్న రేకు), వోల్ఫ్ వాళ్ల స్ప్రింగులు (ట్రిగ్గర్‌ది, ఫైరింగ్ పిన్‌ది), ఫ్లిట్జ్ మెరుగు పేస్టు, లైమన్ డిజిటల్ గేజి.

చదివే ఓపిక లేనివాళ్ల కోసం తీర్పు ముందే: కనెక్టర్, పేస్టు కళ్లు మూసుకుని కొనొచ్చు. 6 పౌన్ల ట్రిగ్గర్ స్ప్రింగు పోటీలకు వాడే పిస్టల్‌కైతే సరే. బలం తగ్గించిన ఫైరింగ్ పిన్ స్ప్రింగు మాత్రం వద్దు. ఇంటి పనితో చెడిపోయిన గ్లాకుల్లో ఎక్కువ వాటికి మూలం ఆ చివరి స్ప్రింగో, లేదా ఆకురాయి పట్టిన చెయ్యో.

ఏది దేనికి పనికొస్తుందో తెలియాలంటే లోపల ఏం జరుగుతుందో తెలియాలి. గ్లాక్‌లో హ్యామర్ ఉండదు. స్లైడ్ వెనక్కి వెళ్లి ముందుకొచ్చాక ఫైరింగ్ పిన్ స్ప్రింగు కొంతమేరకే బిగుసుకుని ఉంటుంది. మిగతా బిగింపు మీ వేలే చెయ్యాలి. ట్రిగ్గర్ నొక్కగానే ట్రిగ్గర్ బార్ వెనక్కి జరుగుతుంది. దాని సిలువ ఆకారపు తోక, పిన్ను కింద వేలాడే కాలును పట్టుకుని వెనక్కి నెడుతుంది. అదే సమయంలో బార్ పైనున్న చిన్న మెట్టు, పిన్ను అనుకోకుండా ముందుకు పోకుండా ఆపే, స్లైడ్‌లోని ఫైరింగ్ పిన్ సేఫ్టీ బొడిపెను పైకి లేపుతుంది. చివరికి తోక కనెక్టర్ వాలుకు తగిలి కిందికి జారుతుంది, కాలు వదులుతుంది, పిన్ను ముందుకు దూకి తూటా అడుగున నిప్పు రగిల్చే క్యాప్‌ను కొడుతుంది.

కాబట్టి ఫిర్యాదులు రెండు రకాలు. మొదటి సగం ప్రయాణంలో ఇసుక నలిగినట్టు గరగరలాడితే దానికి కారణం సేఫ్టీ బొడిపె మీద బార్ మెట్టు రాసుకోవడం. అది మెరుగు పెట్టి పోగొట్టాల్సిన జబ్బు. ప్రయాణం చివర్లో గోడలా అడ్డుపడి గట్టిగా ఉంటే అది కనెక్టర్ వాలు పని. గరగరకు కనెక్టర్ మార్చి, బరువుకు పేస్టు రుద్ది, ‘ఏమీ తేడా లేదు’ అని ఒక్క స్టార్ ఇచ్చేవాళ్ల రివ్యూలు చాలానే కనిపిస్తాయి. తప్పు సామానుది కాదు.

గేజి

ముందు కొలవాలి. వేలు చెప్పే మాట నమ్మడానికి లేదు. నూనె వేసిన ట్రిగ్గర్ ఎప్పుడూ తేలికగానే అనిపిస్తుంది. లైమన్ డిజిటల్ గేజి 12 పౌన్ల దాకా కొలుస్తుంది, 10 కొలతల వరకు గుర్తుపెట్టుకుని సగటు చూపిస్తుంది. ఈ పనికి అంతకంటే అక్కర్లేదు. స్ప్రింగు త్రాసు లాంటి చవక గేజీలతోనూ నడుస్తుంది గానీ, ముల్లు ఎక్కడ ఆగిందో ఆ క్షణంలోనే చూసుకోవాలి, అర పౌను తేడా కంటికి అందదు.

గేజి కంటే గేజి పట్టుకునే తీరులోనే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. ట్రిగ్గర్ పైన ఉన్న పిన్ను చుట్టూ తిరుగుతుంది కాబట్టి, కొక్కెం కిందికి జారేకొద్దీ బరువు తక్కువ చూపిస్తుంది. ప్రతిసారీ ఒకే చోట, సేఫ్టీ నాలుక కూడా నొక్కుకునేలా ట్రిగ్గర్ మధ్యలో పెట్టాలి. లాగడం బ్యారెల్‌కు సమాంతరంగా, నిదానంగా ఉండాలి. గుంజితే అంకె పెరుగుతుంది. పది కొలతల్లో అత్యధికానికీ అత్యల్పానికీ అర పౌను మించి తేడా ఉంటే చేతిలోనో, పిస్టల్‌లోని మురికిలోనో లోపం ఉన్నట్టు. శుభ్రం చేసి మళ్లీ కొలవండి. కంపెనీ మామూలు కనెక్టర్‌తో లెక్క ప్రకారం 5.5 పౌన్లు, అంటే దాదాపు 2.5 కిలోలు రావాలి. కొత్త పిస్టల్ కాస్త ఎక్కువ చూపించినా కంగారు పడక్కర్లేదు.

మైనస్ కనెక్టర్

చిన్న వంపు తిరిగిన ఉక్కు రేకు ఇది. మీద మైనస్ గుర్తు ఉంటుంది. ఒకప్పుడు దీన్ని 3.5 పౌన్ల కనెక్టర్ అని అమ్మేవారు, తర్వాత గ్లాకే 4.5 అని సరిదిద్దింది. రెండో అంకెనే నమ్మండి. 3.5 వస్తుందని ఆశపడి బిగించినవాళ్లే నిరాశపడి ఆ మిగతా పౌను కోసం స్ప్రింగుల జోలికి పోతుంటారు. 17ఎల్, 34, 35 లాంటి పోటీ మోడళ్లలో కంపెనీ ఇచ్చేది ఇదే.

బరువు తగ్గడం వాలు కోణం మారడం వల్ల. తోక కిందికి జారడానికి తక్కువ బలం చాలు. దానికి మూల్యం కూడా ఉంది: చివర్లో పుల్ల విరిగినట్టు టక్కుమని వదలడం తగ్గి, కాస్త దొర్లినట్టు, మెత్తగా వదులుతుంది. గాజుపుల్ల విరిగినట్టు ఉండాలని కోరుకునేవాళ్లకి ఇది నచ్చకపోవచ్చు. ఘోస్ట్ లాంటి కంపెనీల కనెక్టర్లు కొన్ని ఈ మెత్తదనాన్ని తగ్గిస్తాయి, కొన్నింటికి ట్రిగ్గర్ మరీ వెనక్కి పోకుండా ఆపే నాలుక కూడా ఉంటుంది. ఘోస్ట్ రాకెట్‌లాంటి వాటిలో ఆ నాలుకను మీరే కొద్దికొద్దిగా అరగదీసి కుదర్చాలి. మొదటిసారి చేసేవాళ్లు దాని జోలికి పోవద్దు. నాలుక పొడుగ్గా మిగిలితే ఈరోజు బల్లమీద పనిచేసిన పిస్టల్ రేపు కొంచెం మసి పట్టగానే పేలదు, పొట్టిగా అరిగితే ఆ నాలుక ఉండీ లేనట్టే. అరగదీసే పని లేని రకాలు తీసుకోవడం మేలు.

బిగించే పని పావుగంట. కావలసింది 3 మి.మీ. పంచ్ ఒక్కటే. మ్యాగజైన్ తీసి, స్లైడ్ లాగి, చాంబర్ కంటితో చూసి, చిటికెన వేలితో తడిమి, ఆ తర్వాతే మొదలుపెట్టాలి. తూటాలు ఆ గదిలోనే ఉండకూడదు. గ్లాక్ విప్పాలంటే ట్రిగ్గర్ నొక్కక తప్పదు కాబట్టి ఈ మాట మిగతా పిస్టళ్ల కంటే దీనికి ఎక్కువ వర్తిస్తుంది. గేజితో కొలిచేటప్పుడు, మళ్లీ బిగించాక ఖాళీగా నొక్కి చూసేటప్పుడు కూడా ఇదే తనిఖీ మొదటి నుంచి చెయ్యాలి.

ఫ్రేములో మూడు పిన్నులు. ముందు పైనున్న లాకింగ్ బ్లాక్ పిన్ను, తర్వాత దాని కిందున్న ట్రిగ్గర్ పిన్ను, ఆఖర్న వెనకది. ట్రిగ్గర్ పిన్ను మొరాయిస్తే సుత్తి ఎత్తకండి. స్లైడ్ స్టాప్ లివర్‌ని వేలితో అటూ ఇటూ ఆడిస్తూ నెడితే తనంతట తానే వస్తుంది, ఎందుకంటే పిన్ను గాడిలో కూర్చున్నది ఆ లివరే. లాకింగ్ బ్లాకును పంచ్‌తో పైకి ఎగదీసి, వెనక హౌసింగ్‌తో సహా ట్రిగ్గర్ మొత్తం బయటికి తీయొచ్చు. ట్రిగ్గర్ స్ప్రింగు కొక్కేలు ఏ వైపు తిరిగి ఉన్నాయో విడదీయకముందే ఫోటో తీసి పెట్టుకోండి. తిరగేసి తగిలించినా పిస్టల్ పనిచేస్తుంది, కానీ స్ప్రింగు మెలి తిరిగి తొందరగా విరుగుతుంది. కనెక్టర్‌ను సన్నని స్క్రూడ్రైవర్‌తో హౌసింగ్ గాడిలోంచి ఎగదన్ని తీసి, కొత్తది చివరంటా నొక్కాలి. పైకి ఏమాత్రం లేచి ఉన్నా స్లైడ్‌కు రాసుకుంటుంది. హౌసింగ్ మీదున్న ఎజెక్టర్‌ని పిడిలా పట్టుకోవద్దు, వంగితే ఖాళీ గుళికలు మొహం మీదికి వస్తాయి.

తిరిగి బిగించేటప్పుడు అందరూ చేసే తప్పు ఒకటుంది. స్లైడ్ స్టాప్ లివర్‌కున్న తీగ స్ప్రింగు లాకింగ్ బ్లాక్ పిన్ను కిందికి వెళ్లాలి. పైన ఉండిపోతే లివర్ వదులుగా వేలాడి, మ్యాగజైన్‌లో తూటాలుండగానే స్లైడ్ వెనక ఆగిపోతుంది. లివర్‌ను పైకి లేపి వదిలితే టప్పున కిందికి కొట్టుకోవాలి. అలా కొట్టుకోకపోతే పిన్ను మళ్లీ తీయండి.

ఫ్లిట్జ్ పేస్టు

ఈ సామానులో ఎక్కువ తృప్తినిచ్చేది ఇదే. గేజి మీద పెద్ద తేడా కనపడదు, వేలికి మాత్రం వేరే పిస్టల్ అనిపిస్తుంది. ఫ్లిట్జే కావాలని లేదు, సిమిక్రోమ్ అయినా, మదర్స్ అయినా పని అదే. లోహాన్ని కోయకుండా మెరిపించే మెత్తటి పేస్టు అయితే చాలు. ఉప్పుకాగితం, సానరాయి, ఆకురాయి మాత్రం బల్ల మీదికే రాకూడదు. ట్రిగ్గర్ బార్ రేకుతో ఒత్తి చేసి, పైన నికెల్ పూత పూసింది. పూత దాటి కోస్తే కింద లోహం త్వరగా అరిగి, నెల తిరక్కుండా ఉన్నదానికంటే గరుకవుతుంది.

ఎక్కడ రుద్దాలో ఊహించక్కర్లేదు, పిస్టలే చెబుతుంది. భాగాలన్నీ నూనె లేకుండా తుడిచి, బార్ మీద, కనెక్టర్ అంచు మీద, సేఫ్టీ బొడిపె కింద మార్కర్ పెన్నుతో రంగు పూసి, బిగించి, ఖాళీ పిస్టల్‌ని ఓ ముప్పై సార్లు నొక్కి మళ్లీ విప్పండి. రంగు చెరిగిన చోటే రాపిడి ఉంది. ఆ చోట్లు తప్ప మిగతాది మెరిపించడం అందానికే.

సాధారణంగా చెరిగేవి ఇవి: సేఫ్టీ బొడిపె అడుగు గుండ్రని ముఖం, దాన్ని లేపే బార్ మెట్టు, తోక కుడి పక్కన కనెక్టర్‌కు తగిలే అంచు, కనెక్టర్ వాలు. వీటిని పత్తి చుట్టిన పుల్లతో చేత్తో రుద్దితే ఒక్కోదానికి ఐదు నిమిషాలు పడుతుంది. రోటరీ టూల్‌కి ఫెల్టు ముక్క తగిలించి అతి తక్కువ వేగంలో చేస్తే నిమిషం చాలు, కానీ అంచులు గుండ్రపడే ప్రమాదం అక్కడే ఉంది. మొదటిసారి చేత్తోనే చెయ్యండి.

సేఫ్టీ బొడిపె తీయాలంటే స్లైడ్ వెనక మూత విప్పాలి. ఫైరింగ్ పిన్ చుట్టూ ఉన్న ప్లాస్టిక్ గొట్టాన్ని పంచ్‌తో ముందుకు నొక్కిపట్టి మూతను కిందికి జార్చాలి. వదిలితే లోపలున్నవి కంట్లోకి ఎగురుతాయి కాబట్టి బొటనవేలు అడ్డం పెట్టుకోండి. ఫైరింగ్ పిన్ సరంజామా, దాని పక్కన ఎక్స్‌ట్రాక్టర్‌ని (ఖాళీ గుళికను చాంబర్‌లోంచి లాగే కొక్కెం) నొక్కే కడ్డీ బయటికి తీశాక, బొడిపెను లోపలికి నొక్కితే ఎక్స్‌ట్రాక్టర్ ఊడి, ఆ వెంటే బొడిపె, దాని చిన్న స్ప్రింగు వస్తాయి.

రుద్దకూడని చోట్లు అంతకంటే ముఖ్యం. బొడిపె పై అంచు ఫైరింగ్ పిన్‌ను అడ్డుకునే గొళ్లెం. అది గుండ్రపడితే పిస్టల్ కింద పడినప్పుడు పిన్ను దాటి ముందుకు పోవచ్చు. బార్ మెట్టు ఎత్తు తగ్గకూడదు. తగ్గితే బొడిపె పూర్తిగా లేవక పిన్ను దానికి తగులుతూ వెళ్లి, క్యాప్ మీద దెబ్బ చాలదు. పిన్ను కాలు నిలువు ముఖం, దాన్ని పట్టే తోక నిలువు ముఖం, ఈ రెండూ కలిసే చోటే పిస్టల్ ప్రాణం ఉంది. గుడ్డతో తుడవడం తప్ప అక్కడ ఇంకేమీ చెయ్యొద్దు. ఇంటర్నెట్ వీడియోల్లో అద్దంలా మెరిసే తోకలు చూసి ముచ్చటపడేవాళ్లకి ఈ మాట గట్టిగానే చెప్పాలి.

పని అయ్యాక పేస్టు ఆనవాలు కూడా మిగలకుండా సాల్వెంట్‌తో కడగండి. మిగిలిన పేస్టు నూనెతో కలిసి లోపల అరగదీస్తూనే ఉంటుంది. తోక, కనెక్టర్ తగిలే చోట ఒక్క చుక్క నూనె వేస్తే చాలు. ఫైరింగ్ పిన్ గొట్టంలో మాత్రం చుక్క కూడా వద్దు. అక్కడ చేరిన నూనె మసితో ముద్దకట్టి పిన్ను వేగం తగ్గిస్తుంది.

వోల్ఫ్ స్ప్రింగులు

మూడో తరం గ్లాక్‌లో ట్రిగ్గర్ స్ప్రింగు వేలికి సాయం చేస్తుంది, బార్‌ను వెనక్కి లాగుతూ ఉంటుంది. అందుకే 5 పౌన్ల మామూలు స్ప్రింగు తీసి 6 పౌన్లది వేస్తే ట్రిగ్గర్ తేలికవుతుంది. బలమైన స్ప్రింగు వేస్తే తేలికవడమేమిటని తికమకపడి తిప్పి పంపేసిన కొనుగోలుదార్లూ ఉన్నారు. తగ్గేది అర పౌను చుట్టుపక్కల, అదీ ముఖ్యంగా మొదటి సగం ప్రయాణంలో. స్ప్రింగు నాణ్యతకు వంక పెట్టడానికేమీ లేదు.

ట్రిగ్గర్‌ను తిరిగి ముందుకు తెచ్చేది మాత్రం ఫైరింగ్ పిన్ స్ప్రింగు. కంపెనీది 5.5 పౌన్లు. వోల్ఫ్ వాళ్లు 5, 4.5, 4 పౌన్లవి కూడా అమ్ముతారు. ఒకటి వెనక్కి లాగేది, ఒకటి ముందుకు తోసేది. లాగేదాన్ని బలపరిచి, తోసేదాన్ని బలహీనపరిస్తే ఒక దశలో ట్రిగ్గర్ వెనకే ఉండిపోతుంది, లేదా బద్ధకంగా తిరిగొస్తుంది. 6, 4 పౌన్ల జత కొని రెండూ కలిపి బిగించినవాళ్లకి ఎదురయ్యేది ఇదే.

ఇంకో బాధ, క్యాప్ మీద దెబ్బ. స్ప్రింగు బలం తగ్గితే పిన్ను తెచ్చే శక్తీ తగ్గుతుంది. ఫెడరల్ క్యాపులు మెత్తన, వాటితో 4 పౌన్ల స్ప్రింగు కూడా నెగ్గుకొస్తుంది. సీసీఐ లాంటి గట్టి క్యాపులు వచ్చేసరికి టక్కుమని శబ్దమే తప్ప పేలదు. తన తూటాలు తానే నింపుకుంటూ ఒకే క్యాపు వాడే పోటీ షూటర్‌కి ఇది చెల్లుతుంది. దొరికిన తూటా కొనేవాళ్లకి చెల్లదు. నడుముకు పెట్టుకునే పిస్టల్‌లో అయితే 5.5 పౌన్ల స్ప్రింగు ముట్టుకోకపోవడమే తెలివి.

బిగించాక చూసుకోవలసినవి

ఖాళీ పిస్టల్‌తో ముందు ట్రిగ్గర్ సేఫ్టీ: స్లైడ్ లాగి వదిలి, మధ్య నాలుక తగలకుండా ట్రిగ్గర్‌ను రెండు పక్కల పట్టుకుని వెనక్కి నెట్టండి, కదలకూడదు. తర్వాత ట్రిగ్గర్ నొక్కి అలాగే పట్టుకుని, స్లైడ్ లాగి వదిలి, వేలు నెమ్మదిగా సడలించండి. టిక్కుమని స్పష్టంగా వినపడాలి, ట్రిగ్గర్ తనంతట తాను పూర్తిగా ముందుకు రావాలి. స్లైడ్ విప్పి చేతిలో పట్టుకుని, ఫైరింగ్ పిన్ కాలును వేలితో ముందుకు తోస్తే ముక్కు బయటికి రాకూడదు. బొడిపె నొక్కి తోస్తే రావాలి.

వెనక మూత స్థానంలో బిగించే కిటికీ మూత ఒకటి దొరుకుతుంది, నారింజ రంగుది. తోకకు, కాలుకు ఉన్న పట్టు దానిలోంచి కనిపిస్తుంది. కాలు ఎత్తులో కనీసం మూడింట రెండొంతులు తోక పట్టుకుని ఉండాలి. అంతకంటే తక్కువైతే ఆ పిస్టల్‌లో తూటా పెట్టొద్దు, పాత భాగాలు తిరిగి వెయ్యండి. మూత చవకది, ఒక్కసారి కొంటే ఎప్పటికీ ఉంటుంది, పరీక్షకే తప్ప పేల్చడానికి కాదు.

రేంజిలో మొదటి మ్యాగజైన్‌లో రెండే తూటాలు. ఒక్క నొక్కుడుకు రెండూ పోయినా, స్లైడ్ మూసుకోగానే పేలినా ఆ దెబ్బతో ఆగిపోతుంది. అలా జరిగితే అక్కడే ఆపి, పిస్టల్‌ని గన్‌స్మిత్‌కి ఇవ్వాలి, ఇంట్లో మళ్లీ విప్పి చూడడం కాదు. సాఫీగా ఉంటే ఐదు, తర్వాత నిండు మ్యాగజైన్. కాల్చిన గుళికల క్యాపుల మీద గుంటలు మార్చకముందు గుంటలతో పోల్చి చూడండి. మీరు నిజంగా వాడే తూటాలతో కనీసం రెండు వందలు ఆగకుండా పేలితే గానీ ఆ పిస్టల్ మీద భరోసా పెట్టుకోవద్దు.

మైనస్ కనెక్టర్ మెత్తదనం నచ్చి, బరువు తగ్గడం మాత్రం వద్దనుకునేవాళ్లకి ఒక దారి ఉంది. మామూలు ట్రిగ్గర్ స్ప్రింగు బదులు గ్లాక్ ఎన్‌వై1 అనే ఆకుపచ్చ స్ప్రింగు వేసుకోవచ్చు. అది సాయం చేయడం మానేసి వేలికి ఎదురు నిలుస్తుంది, కాబట్టి బరువు మళ్లీ మామూలు స్థాయికి దగ్గరగా చేరుతుంది, లాగుడు మొదటి నుంచి చివరి వరకు ఒకే తీరుగా ఉంటుంది. మామూలు స్ప్రింగులా విరిగే గొడవా తక్కువ.

ఐదో తరం వాళ్లకి ఆర్డర్ పెట్టే ముందు ఒక్క మాట. అందులో ట్రిగ్గర్ స్ప్రింగు అమరిక, సేఫ్టీ బొడిపె ఆకారం, బార్ అన్నీ మారాయి. మూడో తరం సామాను అన్నీ సరిపోవు, తరం పేరు ప్యాకెట్ మీద చూసి కొనాలి. బొడిపె ఏటవాలుగా ఉండటంతో కొత్తగా ఉన్నప్పుడే గరగర తక్కువ. పేస్టు ఖర్చు అక్కడ మిగిలించుకోవచ్చు. 42, 43 లాంటి సన్నపు పిస్టళ్లకు కనెక్టర్లు వేరే ఉంటాయి, 17కి కొన్నవి వాటికి పట్టవు.